చిన్న ఇంట్లో ఆర్‌సీ విమానాలు: చోటు ఎక్కడ పోతోంది, ప్రమాదం ఎక్కడ ఉంది

ఆర్‌సీ విమానాలు, అంటే రేడియో రిమోట్‌తో నడిపే చిన్న విమానాలు ఎగరేసేవాళ్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు ఈ వాదన వచ్చి తీరుతుంది. సీలింగుకు వేలాడదీస్తే సరిపోతుందని ఒకరంటారు. అలా చేస్తే రెక్కలు వంకర పోతాయని ఇంకొకరంటారు. ఎగరేసి వచ్చిన ప్రతిసారీ విప్పి పెట్టమని కొందరు, పదే పదే విప్పితేనే పాడవుతుందని కొందరు. బ్యాటరీలు పడుకునే గదిలో పెట్టడమేమిటని ఒకరు భయపెడితే, ఇన్నేళ్లుగా అక్కడే పెడుతున్నాం ఏం కాలేదని మరొకరు కొట్టిపారేస్తారు. ఒకే గదిలో మంచం, టేబుల్, బీరువా సర్దుకున్నాక రెండో విమానం కొన్న మనిషికి ఇవన్నీ వింటే బుర్ర తిరుగుతుంది.

వీళ్లలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో వస్తువు గురించి మాట్లాడుతున్నారు, అంతే. రెక్కలు, బాడీ, తోక కలిసిన నిర్మాణం ఒకటి. దానికి శక్తినిచ్చే బ్యాటరీ లేదా ఇంధనం ఇంకొకటి. మొదటిది గదంతా ఆక్రమిస్తుంది కానీ దానివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. రెండోది అరచేతిలో పడుతుంది కానీ దానికి నిప్పుతో సంబంధం ఉంది. ఈ రెండింటికీ ఒకే మూల వెతకడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

రెక్క విప్పాక అసలు అడ్డం తోకే

ముందు చోటు లెక్క చూద్దాం. ఒక మామూలు ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ల విమానం తీసుకుందాం. రెక్క ఈ చివర నుంచి ఆ చివరి దాకా 1400 మిల్లీమీటర్లు, ముక్కు నుంచి తోక దాకా 1100, చక్రాల కింద నుంచి తోక పైభాగం దాకా 350. దీన్ని ఉన్నది ఉన్నట్టు ఒక పెట్టెలో పెట్టాలంటే 1.4 × 1.1 × 0.35, అంటే దాదాపు 0.54 ఘనపు మీటర్ల చోటు కావాలి. ఇంట్లో ఓ మోస్తరు ఫ్రిజ్ ఆక్రమించేంత. విమానం బరువు చూస్తే కిలోన్నర కూడా ఉండకపోవచ్చు. ఆ పెట్టెలో ఉండేదంతా దాదాపు గాలే.

ఇప్పుడు రెక్కను రెండు సగాలుగా విప్పుదాం. సర్వో హారన్లు, అంటే రెక్క కింద పొడుచుకొచ్చే చిన్న ప్లాస్టిక్ ముక్కలు కూడా లెక్కేసుకుంటే ఒక్కో సగానికి 700 × 220 × 60 మిల్లీమీటర్లు చాలు. రెండూ కలిపినా 0.02 ఘనపు మీటర్లు దాటవు. మిగిలింది తోకతో ఉన్న బాడీ. తోక అడ్డంగా 450, ఎత్తు 300, పొడవు అదే 1100. అంటే 0.15. మొత్తం 0.17 దగ్గర తేలింది. మొదట్లో కావాల్సిన దాంట్లో మూడో వంతు కన్నా తక్కువ.

అయితే ఆ 0.17లో ఎక్కువ భాగం తోకదే. తోక కూడా విప్పగలిగితే బాడీకి 1100 × 140 × 200 చాలు, అంటే 0.03. రెక్కలు, తోక ముక్కలు కలుపుకున్నా మొత్తం 0.05 దగ్గర ఆగుతుంది. మొదటి లెక్కలో పదో వంతు కూడా కాదు.

మంచం కింద పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. రెక్కలు సులువుగా దూరిపోతాయి. బాడీని నిలువుగా పెడితే నిలువు తోక మంచం పట్టీకి తగులుతుంది. సరే అని పక్కకు పడుకోబెడితే, ఇంతసేపూ అడ్డంగా ఉన్న 450 మిల్లీమీటర్ల తోక ఇప్పుడు నిలబడుతుంది. ఎటు తిప్పినా తోకే. అందుకే చిన్న ఇంటికి సంబంధించినంత వరకు రెక్క ఎంత పొడవన్న దానికన్నా తోక అతికించి ఉందా, స్క్రూలతో బిగించి ఉందా అన్నదే ముఖ్యం. విమానాల కొలతలు రాసేటప్పుడు ఎవరూ దీన్ని మొదటి వరుసలో రాయరు.

జిగురుతో అతికించిన తోకను చోటు కోసం కోసి, స్క్రూల ఏర్పాటు చేసుకునేవాళ్లూ ఉన్నారు. చేయి తిరిగినవాళ్లకు అది సాధ్యమే. కానీ విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌ను, పక్కలకు తిప్పే రడ్డర్‌ను పట్టి ఉంచే భాగమది. అక్కడ వదులైతే గాల్లో విమానం చేయి దాటిపోతుంది. చోటు కోసం ఆ పని చేయడం నాకైతే లాభసాటి బేరంగా అనిపించదు.

గాల్లో విరగని రెక్క మూలన ఎందుకు వంగుతుంది

లూప్ కొట్టేటప్పుడు, అంటే గాల్లో నిలువుగా గుండ్రంగా తిరిగేటప్పుడు రెక్క మీద విమానం బరువుకు కొన్ని రెట్ల భారం పడుతుంది. అయినా ఏం కాదు. అదే రెక్కను బీరువాకు ఆనించి రెండు నెలలు వదిలేస్తే వంకర పోతుంది. ఇదెలా?

తేడా కాలంలో ఉంది. గాల్లో భారం కొన్ని క్షణాలే. వదలగానే రెక్కలోని ఫోమ్ తిరిగి తన ఆకారానికి వచ్చేస్తుంది. చిన్న భారమే అయినా వారాల తరబడి ఒకేచోట నొక్కుతూ ఉంటే ఫోమ్, ప్లాస్టిక్ లాంటివి మెల్లగా సాగి ఆ కొత్త ఆకారంలోనే స్థిరపడతాయి. ఇంజినీర్లు దీన్ని క్రీప్ అంటారు. వేడి పెరిగేకొద్దీ ఈ సాగడం వేగమవుతుంది.

వంకర అంటే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది కానక్కర్లేదు. ఒక రెక్క చివర రెండు మూడు డిగ్రీలు మెలితిరిగినా విమానం ఎప్పుడూ ఒకవైపుకే ఒరుగుతూ ఉంటుంది. రిమోట్ మీది ట్రిమ్ అనే చిన్న సర్దుబాటుతో సరిచేసుకోవచ్చు కానీ, దిగేటప్పుడు వేగం తగ్గగానే ఒక రెక్క రెండోదానికన్నా ముందు లిఫ్ట్ (పైకి లేపే బలం) కోల్పోయి ఆ వైపుకు పడిపోయే ప్రమాదం ఉంటుంది. రన్‌వే మీద కనిపించే లోపానికి మూలం ఇంట్లో గోడ పక్కన ఉండొచ్చన్నమాట.

కాబట్టి ఎలా వేలాడదీశామన్న దానికన్నా బరువు ఎక్కడ మోపామన్నదే చూడాలి. రెక్కలో గట్టి భాగాలు రెండు. ఒకటి స్పార్, అంటే లోపల పొడవునా వెళ్లే కార్బన్ లేదా చెక్క బద్ద. రెండోది రూట్, అంటే బాడీకి కలిసే వెడల్పాటి మొదలు. బలహీనమైనది ట్రెయిలింగ్ ఎడ్జ్, అంటే విమానాన్ని పక్కలకు ఒరిగించే కదిలే పలకలు, ఎయిలెరాన్లు, ఉండే పల్చటి వెనక అంచు. విప్పిన రెక్కను రూట్ కిందికి వచ్చేలా నిలబెడితే దాని బరువు దాని పొడవునే దిగుతుంది, వంచే బలం దాదాపు ఉండదు. పైగా నేల మీద పట్టే చోటు 22 సెంటీమీటర్లు బై 6 సెంటీమీటర్లే. పడిపోకుండా పైన ఒక పట్టీ ఉంటే బీరువా పక్క సందులో రెండు మూడు విమానాల రెక్కలు నిలబడతాయి.

బాడీని ప్రొపెల్లర్‌కు తాడు కట్టి, ముక్కు పైకి వచ్చేలా గోడకు నిలువుగా వేలాడదీయడం మీద రెండు అభిప్రాయాలున్నాయి. మోటారు మౌంటు మీద బరువంతా పడుతుంది కదా అని కొందరి భయం. కానీ ఆ మౌంటు పనే మోటారు లాగే బలాన్ని బాడీకి చేరవేయడం. సాధారణ విమానాల్లో ఆ లాగుడు విమానం బరువులో సగం నుంచి పూర్తి బరువు దాకా ఉంటుంది, విన్యాసాలు చేసే విమానాల్లో బరువును మించిపోతుంది. దిశ కూడా అదే. అంటే వేలాడదీసినప్పుడు అది మోసేదానికీ గాల్లో మోసేదానికీ పెద్ద తేడా ఉండదు. వ్యతిరేకించేవాళ్ల మాటలోనూ బలముంది: ఫోమ్ బాడీలో మౌంటును పట్టి ఉంచేది చాలాసార్లు జిగురే, నెలల తరబడి లాగుడు దానికి అలవాటు లేదు. రాజీ ఏమిటంటే, తాడు ప్రొపెల్లర్‌కు కాకుండా బాడీ చుట్టూ, రెక్క కూర్చునే గట్టి భాగం దగ్గర వెడల్పాటి పట్టీగా వెయ్యడం.

గోడ బ్రాకెట్ల సంగతి వచ్చేసరికి విమానం తేలికే కదా అనుకుంటాం. అసలు భారం గోడ నుంచి ఎంత దూరాన వేలాడుతోందన్న దాన్నిబట్టి ఉంటుంది. రెండు కిలోల విమానం ఒక్క బ్రాకెట్ మీద ఉందనుకుందాం. దాని బరువు కేంద్రం గోడకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంది, బ్రాకెట్ స్క్రూలు రెండూ పైనా కిందా 8 సెంటీమీటర్ల ఎడంలో ఉన్నాయి. పై స్క్రూను గోడలోంచి బయటికి లాగే బలం 2 × 20 ÷ 8, అంటే 5 కిలోలు. అదే విమానం గోడకు 40 సెంటీమీటర్ల దూరం జరిగితే 10 కిలోలు. రెండు బ్రాకెట్లు పెడితే చెరి సగం. పల్చటి పార్టిషన్ గోడల్లో ఈ తేడా చిన్నది కాదు. బ్రాకెట్ చేతులకు మెత్తటి ఫోమ్ గొట్టం తొడగడం కూడా అందం కోసం కాదు. సన్నటి కడ్డీ మీద గీతలా పడే ఒత్తిడిని కాస్త వెడల్పుగా పరచడానికి.

వేడి, తేమ, ఎండ: దేనికి ఏది పడదు

ఇళ్లలో సాధారణంగా ఖాళీగా ఉండేది పైభాగమే. అటక, బీరువా పైన, సీలింగు కింద. వేడి గాలి చేరేది కూడా అక్కడికే. పై అంతస్తులో ఎండ నేరుగా పడే కప్పు ఉంటే సీలింగు దగ్గర వేడికీ నేల దగ్గర వేడికీ స్పష్టమైన తేడా తెలుస్తుంది. క్రీప్‌కు వేడి తోడైతే ఏమవుతుందో ముందే చెప్పుకున్నాం. సీలింగుకు కట్టిన విమానం ఒకరింట్లో ఏళ్ల తరబడి బాగుండి, ఇంకొకరింట్లో ఒక వేసవికే వంగడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఏ పదార్థానికి ఏది పడదో వేరువేరుగా చూడాలి. ఈపీఓ, ఈపీపీ రకం ఫోములకు తేమతో పెద్ద ఇబ్బంది లేదు, వేడే శత్రువు. ఎండలో ఆపిన కారు సంగతైతే చెప్పక్కర్లేదు: బయట 35 డిగ్రీలున్నా మూసిన కారు లోపల 50 దాటడం మామూలే. ఇంట్లో చోటు లేక కారు డిక్కీలో వదిలేసే అలవాటు ఫోమ్ విమానాలకు ఏ అటకకన్నా చెరుపు చేస్తుంది.

బాల్సా చెక్కది తిరగేసిన కథ. వేడిని తట్టుకుంటుంది కానీ గాల్లో తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఒకవైపే ఆరితే మెలితిరుగుతుంది. పైన అంటించిన ఫిల్మ్ కూడా ఈ మార్పులకు ముడతలు పడుతుంది, మళ్లీ ఇస్త్రీ చేసి బిగించాల్సి వస్తుంది. దుమ్ము పడకూడదని బాల్సా రెక్కను గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో చుడితే, చుట్టినప్పుడు లోపలున్న తేమ అక్కడే ఉండిపోతుంది. నూలు గుడ్డ కప్పినా, గాలి ఆడే రెక్క సంచి వాడినా ఆ బెడద ఉండదు. వంటగది పక్క గోడ రెండు రకాలకూ మంచిది కాదు. ఆవిరికి నూనె జిడ్డు తోడై, దాని మీద దుమ్ము అంటుకుంటే తుడిచినా పోదు.

కిటికీ ఎండ వేరే సంగతి. తెల్ల ఫోమ్ పసుపు రంగుకు తిరుగుతుంది, స్టిక్కర్లు వెలిసిపోతాయి. రెక్కను బిగించే రబ్బరు బ్యాండ్లు కూడా వెలుతురు తగిలితే త్వరగా పెళుసెక్కుతాయి. అవి డబ్బాలో, చీకట్లో ఉండాలి.

ఇంకో చిన్న విషయం. ఇప్పటి బ్రష్‌లెస్ మోటార్లలో చాలావాటికి చుట్టూ తిరిగే డొప్ప లోపల బలమైన అయస్కాంతాలుంటాయి. డ్రిల్లింగ్, ఇనుము రాకడం లాంటి పనులు జరిగే బల్ల కింద విమానం పెడితే ఇనుప రజను అందులోకి చేరి అతుక్కుంటుంది. దాన్ని దులపడం చాలా కష్టం.

విప్పి పెట్టాలా, అలాగే ఉంచాలా

చోటు లెక్క చూశాక విప్పడమే సరైనదని తేల్చేయాలనిపిస్తుంది. కానీ అవతలి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. విప్పి బిగించిన ప్రతిసారీ తప్పుకు ఒక అవకాశం ఉంటుంది. ఎక్కువగా జరిగేది వైర్ల తప్పు. రెక్క సగాల్లోంచి వచ్చే సర్వోల (ఆ కదిలే పలకలను తిప్పే చిన్న మోటార్ల) వైర్లు రెండూ ఒకేలా ఉంటాయి. ఎయిలెరాన్, ఫ్లాప్ (దిగేటప్పుడు కిందికి దించే పలక) రెండూ ఉన్న విమానంలో ఒక వైర్ మరో చోట గుచ్చితే టేకాఫ్ అయిన రెండో క్షణంలోనే సంగతి తెలుస్తుంది. అందుకే చాలామంది వైర్ల చివర రంగు టేపు చుడతారు, ఎగరేసే ముందు రిమోట్ మీది స్టిక్ కుడికి తోస్తే కుడి ఎయిలెరాన్ పైకి లేస్తోందా అని చూస్తారు.

అరుగుదల కూడా ఉంది. ఫోమ్‌లో నేరుగా తొలిచిన రంధ్రంలోకి స్క్రూ ఎక్కించే విమానాల్లో రంధ్రం క్రమంగా వదులవుతుంది. నైలాన్ బోల్టు, ఇత్తడి లేదా ఉక్కు మర ఉన్నచోట ఆ బాధ తక్కువ. కాబట్టి "విప్పితే పాడవుతుంది" అన్న మాట ఒక విమానానికి నిజం, పక్కదానికి కాదు. బిగింపు ఎలా ఉందో చూడకుండా చెప్పే సలహా ఏదైనా సగమే.

బద్ధకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. బయటికి తీసి బిగించడానికి ముప్పావు గంట పట్టే విమానం సాయంత్రం గాలి తగ్గినా గూట్లోనే ఉండిపోతుంది. అందుకే చిన్న ఇళ్లలో ఉండేవాళ్లు తరచూ మధ్యేమార్గం పాటిస్తారు: వారం వారం ఎగరేసేది ఒకటి బిగించి గోడ మీద, మిగతావి విప్పి మంచం కిందో బీరువా పక్కనో.

బ్యాటరీ: చిన్నది, కానీ దాని లెక్క వేరు

ఇక నిప్పు సంగతి. ఈ విమానాల్లో ఎక్కువగా వాడేది లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ. ఒక్కో సెల్ నిండా చార్జయితే 4.2 వోల్టులు, సగటున 3.7, మూడు కన్నా కిందికి దిగితే దెబ్బతింటుంది. 3ఎస్ అంటే అలాంటివి మూడు వరుసగా కలిపినవి. 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల 3ఎస్ బ్యాటరీలో శక్తి 2.2 × 11.1, అంటే సుమారు 24.4 వాట్ అవర్లు. అలాంటివి నాలుగుంటే 98.

ఒక మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలో 50, 60 వాట్ అవర్లుంటాయి. అంటే నాలుగు లైపోలు కలిపితే రెండు ల్యాప్‌టాప్‌లకు అటూ ఇటూ. ల్యాప్‌టాప్‌లను మంచం పక్కనే పెట్టుకుని నిద్రపోతున్నాం కదా, లైపోలకు ఎందుకింత టెన్షన్ అని అడగడం న్యాయమే. జవాబు శక్తి మోతాదులో లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీకి వోల్టేజీ, వేడి హద్దు దాటితే ఆపేసే సర్క్యూట్ ఉంటుంది, గట్టి కవచం ఉంటుంది. విమానాల లైపోలో సాధారణంగా ఈ రెండూ ఉండవు. బరువు తగ్గించడానికి మెత్తటి పౌచ్‌లో చుట్టి వదిలేస్తారు. పైగా అది విమానంతో పాటు నేలకు గుద్దుకుంటూ ఉంటుంది. లోపలి పొరలు నలిగి ఒకదానికొకటి తగిలితే వేడి పుడుతుంది, ఆ వేడి రసాయన చర్యను పెంచుతుంది, అది మళ్లీ వేడిని పెంచుతుంది. థర్మల్ రన్‌అవే అనేది దీన్నే. అప్పుడు వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులుంటాయి.

"ఏళ్లుగా పెడుతున్నా ఏం కాలేదు" అనేవాళ్ల అనుభవం కూడా నిజమే. దెబ్బ తగలని, ఉబ్బని, సగం చార్జిలో ఉన్న లైపో ఊరికే పడి ఉండగా తగలబడటం అరుదు. ప్రమాదాలు ఎక్కువగా చార్జి చేస్తుండగా, లేదా దెబ్బతిన్న ప్యాక్‌ల విషయంలో జరుగుతాయి. అంటే భయపడాల్సింది బ్యాటరీ ఇంట్లో ఉందని కాదు. అది ఏ స్థితిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఆ స్థితిని వోల్టేజీతో కొలవచ్చు. నిండా చార్జి చేసి వదిలేసిన లైపోలో రసాయనాలు త్వరగా క్షీణిస్తాయి, వేడిగా ఉంటే మరీను. అందుకే నాలుగైదు రోజుల్లో ఎగరేసే ఉద్దేశం లేకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచుతారు. 3ఎస్ ప్యాక్‌కు అది 11.4. ఇప్పటి చార్జర్లలో ఎక్కువ వాటికి స్టోరేజ్ మోడ్ ఉంటుంది, ఎక్కువుంటే దించి తక్కువుంటే ఎక్కించి అక్కడికి తెస్తుంది. దీనివల్ల బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది, ఒకవేళ ఏదైనా జరిగినా అందులో ఉన్న శక్తి తక్కువ. వర్షం వల్ల ఎగరేయడం రద్దయిన రోజున నిండు బ్యాటరీలను అలాగే సంచిలో వదిలేయడమే ఎక్కువమంది చేసేది.

లైపోలు పెట్టుకునే మంట తట్టుకునే సంచులు ప్రమాదాన్ని పూర్తిగా ఆపేస్తాయన్న అపోహ ఒకటుంది. అవి మంటను కొంతవరకు అడ్డుకుంటాయి, చుట్టుపక్కలకు పాకే వేగం తగ్గిస్తాయి. పొగను ఆపలేవు. ఇనుప పెట్టె ఇంకాస్త నయం, కానీ మూతకు రబ్బరు సీలుండి గాలి చొరకుండా బిగుసుకుపోతే లోపల పుట్టే వాయువు పీడనం పెరిగి అదే ప్రమాదమవుతుంది. సీలు తీసేయడమో, మూత బిగించకుండా ఉంచడమో అందుకే. చిన్న ఇంట్లో దానికి తగిన చోటు ఎక్కడంటే చెప్పడం కష్టమే, కానీ కూడని చోట్లు మాత్రం స్పష్టం: మంచం కింద, బట్టల బీరువాలో, బయటికి వెళ్లే ఒక్కగానొక్క తలుపు దగ్గర. విమానం లోపల అసలే కూడదు. ఫోమ్‌కు నిప్పంటుకుంటే ఆపడం కష్టం. పైగా ప్రొపెల్లర్ బిగించి ఉన్న విమానానికి బ్యాటరీ కలిపి ఉంచితే ట్రాన్స్‌మిటర్ (రిమోట్) మీద ఎవరి చేయో పడి మోటారు తిరగొచ్చు.

చార్జింగుకు మామూలుగా 1సీ వేగం చెబుతారు, అంటే బ్యాటరీ సామర్థ్యమంతా గంటలో నింపే కరెంటు. 2200 బ్యాటరీకి అది 2.2 ఆంపియర్లు, గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. మనిషి పక్కన ఉండగా చార్జి చేయాలన్న నియమం చిన్న ఇంట్లో పాటించడం నిజానికి సులువే. పక్క గది అంటూ లేదు కదా.

ఇంధనం, జిగురు

మోటారు బదులు కొన్ని విమానాల్లో ఉండే చిన్న గ్లో ఇంజిన్ల ఇంధనంలో ప్రధానంగా ఉండేది మిథనాల్, దానికి తోడు నూనె, కొంత నైట్రోమీథేన్. మిథనాల్ విషం, దాని ఆవిరి పీల్చడమూ మంచిది కాదు, పట్టపగలు దాని మంట దాదాపు కనిపించదు. లైపో విషయంలో రెండు వైపులా వాదించవచ్చు కానీ, ఒక్క గది ఇంట్లో ఇంధనం డబ్బా ఉంచడానికి అనుకూలంగా గట్టి వాదన నాకు కనిపించదు. ఇంజిన్ విమానాన్ని లోపల పెట్టాలంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, మిగిలింది ఇంజిన్‌లో మండించేసి పెట్టాలి. మిథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది కాబట్టి లోపల మిగిలితే బేరింగులు తుప్పు పడతాయి కూడా. సైలెన్సర్‌లోంచి నూనె కారుతూనే ఉంటుంది, కింద గుడ్డ తప్పదు.

సూపర్ గ్లూ రకం జిగురు తేమతో గట్టిపడుతుంది. చిన్న డబ్బాలో, గాలి చొరకుండా, చల్లటి చోట పెడితే చాలు.

అయితే చిన్న విమానం కొంటే పోలేదా

సగం సైజు విమానానికి సగం చోటు చాలనుకుంటాం. నిజానికి అంతకన్నా చాలా తక్కువే చాలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సగమవుతాయి కాబట్టి చోటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మనం మొదట తీసుకున్న విమానానికి సగం ఉండే 700 మిల్లీమీటర్ల విమానం బిగించి ఉన్నా 0.07 ఘనపు మీటర్లలోపే సరిపోతుంది. విప్పే పనీ లేదు, వైర్ల గొడవా లేదు.

ఇబ్బంది బయట మైదానంలో వస్తుంది. చిన్న, తేలికైన విమానాన్ని గాలి ఇటూ అటూ విసిరేస్తుంది, కాస్త దూరం వెళ్లగానే ఎటు తిరిగి ఉందో కంటికి ఆనదు. నేర్చుకునే దశలో ఉన్నవాళ్లకు ఇది పెద్ద లోటే. 1400 మిల్లీమీటర్ల విమానం నేర్చుకోవడానికి ఎక్కువ కుదురుగా ఉంటుంది.

ఇక్కడ మొదటి లెక్కను మళ్లీ పక్కన పెట్టి చూడండి. రెక్క రెండు ముక్కలై, తోక స్క్రూలతో విడివడే 1400 విమానం విప్పితే 0.05. బిగించిన 700 విమానం 0.07. పెద్దదే తక్కువ చోటు తీసుకుంటోంది. తోక జిగురుతో అతికించిన 1400 విమానమైతే 0.17, అంటే చిన్నదానికి రెండున్నర రెట్లు. కొనేముందు అసెంబ్లీ మాన్యువల్ చూస్తే రెక్క ఎన్ని ముక్కలో, తోక దగ్గర చూపించింది స్క్రూలో జిగురు సీసానో మొదటి రెండు మూడు పేజీల్లోనే తెలిసిపోతుంది.